తాతగారు నడిపిన కారు, మీరు నడపబోయే రోడ్డు

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ శివార్లలో ఉంటున్నాం. మా తాతగారు గుడివాడలో ఒక రైసుమిల్లు యజమాని దగ్గర షెవ్రొలే కారు డ్రైవరుగా పనిచేశారు. ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి ఆయన నిలబడిన ఫోటో మా హాల్లో ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి అమెరికన్ కారు ఒకటి కొనాలని ఎప్పటి నుంచో కోరిక. మూడు కార్లు చూసి వచ్చాను. 1930 ఫోర్డ్ మోడల్ ఏ, రెండు తలుపులది, 15 వేల డాలర్లు. 1934 షెవ్రొలే మాస్టర్ సెడాన్, 21 వేలు. 1937 ప్లిమత్ సెడాన్, 16 వేలు. మొత్తం మీద 25 వేలకు మించి పెట్టలేను. నా మనసు షెవ్రొలే మీదే ఉంది. దాని రంగు అద్దంలా మెరుస్తోంది. ఆదివారాలు 24 మైళ్ల దూరంలో ఉన్న గుడికి హైవే మీద వెళ్లాలని, 16 ఏళ్ల మా అబ్బాయికి డ్రైవింగ్ నేర్పాలని అనుకుంటున్నాను. చేత్తో గేర్లు వేసి పాతికేళ్లయింది. రిపేరు పనులు చేతకావు. ఇది దండగ ఖర్చు అని మా ఆవిడ అంటోంది. ఏది కొనమంటారు?
– ఒక పాఠకుడు, కొలంబస్

సమాధానం: ముందు సూటిగా జవాబు చెప్పి, కారణాలు తర్వాత చెబుతాను. కింద రాసిన పరీక్షలకు నిలబడితే ప్లిమత్ కొనండి. షెవ్రొలేకు బయానా ఇవ్వకండి. ఏ కారు కొన్నా సరే, ఇంటర్‌స్టేట్ హైవే మీద గుడికి వెళ్లే ఆలోచన మాత్రం మానుకోండి.

పాత కారు కొనేవాళ్లం ముందు దాని ముఖం చూస్తాం. హెడ్‌లైట్లు, రేడియేటర్ మూత మీది బొమ్మ, రంగు. నేనూ అలాగే చూసి నష్టపోయాను. ఆ కథ కాసేపట్లో చెబుతాను. నిజానికి ముందు చూసుకోవలసింది ఆ కారు తిరగబోయే రోడ్డు. మీ ఇంటి నుంచి గుడికి ఇంటర్‌స్టేట్ తగలకుండా దారి ఉందేమో ఈ రాత్రే మ్యాపులో వెతకండి. 35 నుంచి 50 మైళ్ల వేగ పరిమితి ఉన్న రెండు వరుసల పాత రోడ్లు చాలు. మీ కొలంబస్ ఊళ్లోంచే 40వ నంబరు అమెరికా రహదారి పోతుంది. దాని పాత పేరు నేషనల్ రోడ్, 1811లో పని మొదలైన దారి. మీరు చూసిన మూడు కార్లూ అలాంటి దారుల మీద తిరగడానికి పుట్టినవే. ఇంటర్‌స్టేట్ల నిర్మాణానికి చట్టం వచ్చింది 1956లో. అప్పటికే మీ ప్లిమత్‌కు 19 ఏళ్లు. పాత దారిన వెళితే 24 మైళ్లు 30 అవుతాయేమో, అరగంట ప్రయాణం గంట పడుతుందేమో. ఆ గంట మీకు భారమనిపిస్తే కారు కొనే ముందు ఇంకోసారి ఆలోచించుకోండి. ఎందుకంటే ఈ కార్లు ఇచ్చే సుఖమంతా ఆ గంటలోనే ఉంది.

హైవే ఎందుకు వద్దంటున్నానో లెక్క చూడండి. మోడల్ ఏ ఇంజనుకు నాలుగు సిలిండర్లు, 3.3 లీటర్లు, 40 హార్స్‌పవర్. ఆ 40 వచ్చేది నిమిషానికి 2,200 చుట్లు తిరిగినప్పుడు. టాప్ గేరులో 45 మైళ్ల వేగానికి ఇంజను దాదాపు 2,000 చుట్లు తిరుగుతుంది. అంటే అక్కడికే దాని బలం అంచుకు వచ్చేసినట్టు. 65కు లాగితే దాదాపు 2,900 తిరగాలి. పైగా దాని క్రాంకు బేరింగులు ఇప్పటిలా మార్చుకునే పెంకులు కావు, బ్యాబిట్ అనే మెత్తటి లోహాన్ని కరిగించి అక్కడే పోసి మలిచినవి. అవి కరిగితే ఇంజను మొత్తం విప్పాల్సిందే, ఆ పని తెలిసినవాళ్లు ఇప్పుడు కొద్దిమందే. ప్లిమత్ ఇంజను ఇంతకంటే గట్టిది. ఆరు సిలిండర్లు, 82 హార్స్‌పవర్, బేరింగులన్నిటికీ పంపు ఒత్తిడితో ఆయిలు అందుతుంది. అది 50, 55 మైళ్ల వేగంలో హాయిగా పోతుంది. అయినా 70లో వచ్చే ట్రక్కుల మధ్య 55 సరిపోదు. మీ వెనక వచ్చేవాడికి మీరు ఎంత నెమ్మదిగా ఉన్నారో అర్థమయ్యేసరికి దూరం అయిపోతుంది.

ఇక బ్రేకులు. యుద్ధానికి ముందరి కారు ఎంచుకునేటప్పుడు నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. క్రిస్లర్ కంపెనీ తన మొదటి కారుకే, 1924లో, నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులు, అంటే గొట్టాల్లోని ద్రవం ఒత్తిడితో పట్టే బ్రేకులు, పెట్టింది. అదే కంపెనీ చవక ధరలో తెచ్చిన ప్లిమత్‌కు కూడా 1928లో మొదటి కారు నుంచే అవే బ్రేకులు. షెవ్రొలేకు అవి 1936లో వచ్చాయి, ఫోర్డ్‌కు 1939లో. అంటే మీరు చూసిన మూడింటిలో ప్లిమత్ ఒక్కదానికే హైడ్రాలిక్ బ్రేకులు. మిగిలిన రెంటిలో పెడల్ తొక్కిన బలం కడ్డీలు, తీగలు, మీటల ద్వారా చక్రాలకు చేరాలి. అవి మంచివి కావని అనను. సరిగ్గా సర్దిన మోడల్ ఏ బ్రేకులు చక్రాలను గట్టిగానే పట్టుకుంటాయి. కానీ ఆ సర్దడం ఒక విద్య. నాలుగు చక్రాలూ జాకీల మీదికి లేపి, పెడల్‌ను అంగుళం అంగుళం చొప్పున తొక్కి పట్టి, ఏ చక్రం ఎంత బిగుస్తోందో చేత్తో తిప్పి చూసుకోవాలి. ఒకటి ముందుగా పట్టి ఇంకొకటి ఆలస్యంగా పట్టిందంటే తడి రోడ్డు మీద బండి పక్కకు లాగేస్తుంది. వేగం రెట్టింపైతే ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుందని మీ అబ్బాయి బడిలో చదువుకునే ఉంటాడు. ఈ కార్లలో కూర్చున్నప్పుడు అది కాలికి తెలుస్తుంది.

షెవ్రొలే సంగతికి వస్తాను. మీకు బాధ కలుగుతుందని తెలిసే రాస్తున్నాను. 1930ల మధ్య వరకు షెవ్రొలే బాడీలకు బయట కనిపించేది రేకు, లోపల నిలబెట్టేది చెక్క. తలుపుల స్తంభాలు, పైకప్పు కమ్మీలు, గడపలు అన్నీ చెక్కవే. 90 ఏళ్ల పాటు ఎండి, తడిసి, చెదలో కుళ్లో తగిలిన ఆ చెక్క ఎలా ఉందో రంగు చెప్పదు. తలుపు చెబుతుంది. డ్రైవరు వైపు తలుపు సగం తెరిచి, అడుగు అంచు కింద రెండు చేతులూ పెట్టి మెల్లగా పైకెత్తండి. తలుపు ఒక్కటే కాస్త ఆడితే మడతబందు పిన్ను అరిగిందని అర్థం, అది చిన్న పని. తలుపుతో పాటు స్తంభం కూడా కదిలితే లోపల చెక్క పోయింది. తర్వాత తలుపును తోయకుండా, వేళ్లతో నెమ్మదిగా దగ్గరికి తీసుకువచ్చి వేయండి. గడియ తన పలకలోకి తిన్నగా వెళ్లాలి. కింద తగిలి, పైకెక్కి, అప్పుడు లోపల పడుతోందంటే ఆ పలక మీద వేలి గోరంత మెరిసే గీత ఒకటి కనిపిస్తుంది. బండికి ఎంత బాగా రంగు వేసినా ఆ గీత మాత్రం దాగదు.

నేను కొన్న మొదటి పాత కారుకు ఆ గీత ఉంది. ముదురు ఆకుపచ్చ రంగు సెడాన్. చూసిన వెంటనే నచ్చింది. అమ్మినాయన తలుపు తెరిచినప్పుడల్లా తానే ముందుకు వచ్చి, అరచేత్తో కొద్దిగా ఎత్తి వేశాడు. అది మర్యాద అనుకున్నాను. ఇంటికి తెచ్చిన నాలుగో నెలలో, ఎత్తయిన రైలు పట్టాలు దాటుతుంటే వెనక తలుపు దానంతట అదే తెరుచుకుంది. ఆ సీట్లో మా అమ్మాయి లేకపోవడం మా అదృష్టం. లోపలి గుడ్డ విప్పి చూస్తే స్తంభం అడుగు భాగం చేత్తో నలిపితే పొడి అయింది. చెక్క పని తెలిసిన వడ్రంగి దొరికి, కొలతలు తీసి, ముక్కలు చెక్కి బిగించేసరికి 14 నెలలు పట్టింది. దానికైన ఖర్చు కారు వెలను దాటిపోయింది. ఇంజను పాడైతే ఎక్కడైనా బాగు చేయించుకోవచ్చు. చెక్క చట్రం బాగు చేయించడం ఇల్లు కట్టించుకున్నంత పని.

1934 మాస్టర్‌కు ఇంకో చిక్కు కూడా ఉంది. దాని ముందు చక్రాలకు నీ-యాక్షన్ అనే విడి సస్పెన్షన్ పెట్టారు, ఆయిలు నింపిన డబ్బాల్లో స్ప్రింగులు ఉంటాయి. కొత్తలో మెత్తగా సాగిపోయేదట. సీళ్లు కారడం మొదలైతే వాటిని తిరిగి కట్టగలిగినవాళ్ల కోసం వెతుక్కోవాలి. రిపేరు చేతకాదని మీరే రాశారు కాబట్టి ఇది మీకు తగదు.

తాతగారి జ్ఞాపకం మాటేమిటని మీరు అడుగుతారు. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో కార్లు బిగించడం మొదలుపెట్టింది. తాతగారు నడిపిన బండి బహుశా అక్కడ బిగించిన, కుడివైపు స్టీరింగు ఉన్న బండి అయి ఉంటుంది. షెవ్రొలే అన్న పేరే మీకు ముఖ్యమైతే ఓపిక పట్టి, 1937 నుంచి 1942 మధ్య వచ్చిన షెవ్రొలే సెడాన్ కోసం చూడండి. 1937 నుంచి వాటికి పైకప్పుతో సహా బాడీ అంతా ఉక్కే, బ్రేకులు హైడ్రాలిక్. ఒక్క జాగ్రత్త: వాటి ఆరు సిలిండర్ల ఇంజనులో కనెక్టింగ్ రాడ్డు బేరింగులకు ఆయిలు చిలకరించే పద్ధతిలో అందుతుంది. అందుకని గంటల తరబడి గట్టిగా తోలకూడదు. 1942 ఫిబ్రవరిలో యుద్ధం కోసం కంపెనీలన్నీ మామూలు కార్ల తయారీ ఆపేశాయి కాబట్టి 1942 కార్లు తక్కువ. మీకు అందుబాటులో ఉండేవి అంతకు ముందు ఏళ్లవే.

ఇప్పుడు నా దగ్గర ఉన్నది 1931 మోడల్ ఏ. అయినా మీకు ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. ఇంత సూటిగా, దాపరికం లేకుండా కట్టిన యంత్రం నేను ఇంకొకటి చూడలేదు. నాలుగేళ్లలో 48 లక్షలకు పైగా తయారయ్యాయి. అందుకే ఈ రోజుకీ దాని ప్రతి బోల్టూ, ప్రతి గాస్కెట్టూ కొత్తది దొరుకుతుంది. పెట్రోలు ట్యాంకు ముందు అద్దం కింద, మీ మోకాళ్ల ఎదురుగా ఉంటుంది. పంపు లేదు, పెట్రోలు తన బరువుతో తానే కార్బురేటర్‌లోకి దిగుతుంది. స్టార్టు చేయడమే ఒక క్రతువు. పెట్రోలు వాల్వు తిప్పాలి. స్టీరింగు కింద ఎడమ మీటను పైకి నెట్టి స్పార్కును ఆలస్యం చేయాలి. కుడి మీటతో యాక్సిలరేటర్‌ను నాలుగు పళ్లు దించాలి. తాళం తిప్పి, చోక్ కడ్డీ లాగి పట్టుకుని, కాలితో సెల్ఫ్ బటన్ నొక్కాలి. ఇంజను అందుకోగానే చోక్ వదిలి, ఎడమ మీటను కిందికి దించాలి. అప్పటిదాకా ఉలిక్కిపడుతున్న ఇంజను ఆ మీట దిగేకొద్దీ కుదురుకుంటుంది. ఆ మార్పు చెవికి వినిపిస్తుంది, అరచేతికి తగులుతుంది. ఎన్ని వందల సార్లు చేసినా నాకు విసుగు పుట్టలేదు.

కానీ మోడల్ ఏ యజమాని పని చేత పట్టాల్సిందే. 500 మైళ్లకోసారి గ్రీజు గన్ పట్టుకుని అడుగున పడుకోవాలి, బ్రేకు కడ్డీలు సర్దాలి, స్పార్కు పుట్టించే పాయింట్ల సందు చూసుకోవాలి. మీరు రిపేరు చేతకాదని రాశారు, నేర్చుకోవాలని ఉందని రాయలేదు. ఆ కోరిక ఉంటే నా జవాబు మారుతుంది: మోడల్ ఏ కంటే మంచి బడి లేదు. పనిముట్లు పట్టడం మీ అబ్బాయికే ఇష్టమైతే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

ఒక చిన్న మాట. ఈ మూడింటిని ‘క్లాసిక్’ అంటే కొందరు పెద్దలు సరిదిద్దుతారు. అమెరికా క్లాసిక్ కార్ క్లబ్ ఆ పేరును ప్యాకార్డ్, డ్యూసెన్‌బర్గ్ లాంటి ఆనాటి ఖరీదైన కార్లకే ఇస్తుంది. దాని గురించి బెంగ పెట్టుకోకండి. సామాన్యుల కార్లకు విడిభాగాలు దొరకడం సులభం, ఖర్చు తక్కువ, పార్కింగులో పెట్టడానికి గుండె దడ ఉండదు.

ఇక ప్లిమత్‌ను ఎలా చూడాలో చెబుతాను. అమ్మే ఆయనకు ముందు రోజు ఫోన్ చేసి, మీరు వచ్చేదాకా ఇంజను స్టార్టు చేయవద్దని చెప్పండి. వెళ్లగానే చేయవలసిన మొదటి పని బానెట్ మీద చేయి పెట్టడం. వెచ్చగా ఉంటే ఆ రోజుకు వెనక్కి వచ్చేయండి. చల్లగా ఉన్నప్పుడే ఇంజను నిజం చెబుతుంది. స్టార్టు అయ్యాక 20 నిమిషాలు నడిపి, వేడెక్కిన తర్వాత ఆయిలు ఒత్తిడి చూపే ముల్లు చూడండి. 40 మైళ్ల వేగంలో 30 పౌండ్ల పైన ఉండాలి, ఇంజను నడుస్తూ బండి ఆగి ఉన్నప్పుడు సున్నాకు పడిపోకూడదు. ఆరు సిలిండర్ల కంప్రెషన్, అంటే లోపల గాలి నొక్కుకునే ఒత్తిడి, కొలిపించండి. అంకె ఎంతన్నదాని కంటే ఆరూ దగ్గర దగ్గరగా ఉండటం ముఖ్యం. ఈ ఇంజనుకు ఒక పాత జబ్బు ఉంది. వాటర్ పంపు వెనక నుంచి బ్లాకు పొడవునా లోపల ఒక రేకు గొట్టం పోతుంది, వెనక సిలిండర్లకు చల్లటి నీళ్లు పంపేది అదే. అది తుప్పు పట్టి చిల్లులు పడితే మీటరు మామూలు వేడే చూపిస్తుంది, వెనక సిలిండర్లు మాత్రం ఉడికిపోతుంటాయి. ఆ గొట్టం ఎప్పుడైనా మార్చారా అని అడగండి. ప్రశ్న అర్థమైనాయన దగ్గర ఉన్న కారైతే సగం నమ్మవచ్చు.

బ్రేకు పెడల్‌ను ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టుకోండి. మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది. ఇప్పటి కార్లకు ఉన్నట్టు రెండు విడి బ్రేకు లైన్లు వీటికి లేవు. ఒకే మాస్టర్ సిలిండర్, ఒక గొట్టం పగిలితే నాలుగు చక్రాల బ్రేకూ ఒక్కసారే పోతుంది. అందుకే కారు బాగున్నా సరే, కొన్న వెంటనే రబ్బరు గొట్టాలు, చక్రాల సిలిండర్లు, ఉక్కు పైపులు అన్నీ కొత్తవి వేయించండి. వెనక డ్రమ్ములు సుత్తితో కొడితే రావు. వాటికి ప్రత్యేకమైన పుల్లర్ కావాలి, అది ఉన్న మెకానిక్‌నే వెతకండి. హ్యాండ్ బ్రేకు చక్రాలకు కాదు, గేరుబాక్సు వెనక తిరిగే షాఫ్టుకు ఉంటుంది. నిలిపిన బండిని పట్టి ఉంచడానికే అది. నడుస్తున్నప్పుడు దాన్ని గట్టిగా లాగకండి.

టైర్ల పక్క గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. పదేళ్లు దాటితే గీతలు ఎంత లోతుగా ఉన్నా మార్చాల్సిందే. నాలుగు టైర్లు, ట్యూబులు కలిపి వెయ్యి డాలర్లకు అటూ ఇటూ అవుతుంది. ముందు చక్రాన్ని జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. కడకడమంటే కింగ్ పిన్నులు, అంటే ముందు చక్రాలు పక్కలకు తిరిగే ఇరుసు పిన్నులు, అరిగాయి. చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకుని వెళ్లి తలుపుల అడుగు, మడ్‌గార్డుల అంచులు తడమండి. అంటుకోని చోట రంగు కింద పుట్టీ ఉన్నట్టు. అద్దాలు పగిలినా చెదరని లామినేటెడ్ అద్దాలో కాదో మూలల్లో ఉండే ముద్ర చూసి తెలుసుకోండి. కారు మీది నంబరు యాజమాన్య పత్రంలో ఉన్న నంబరుతో అంకె అంకెకూ సరిపోవాలి. అప్పట్లో కొన్ని రాష్ట్రాలు ఇంజను నంబరుతోనే పత్రాలు ఇచ్చాయి. తర్వాత ఎవరో ఇంజను మార్చి ఉంటే రిజిస్ట్రేషన్ దగ్గర మీరు ఇరుక్కుంటారు. 16 వేలకు బేరం కుదిరితే మిగిలిన తొమ్మిదిలో అయిదు వేలు మొదటి ఏడాది పనులకు పక్కన పెట్టండి. అది ఖర్చు కాకపోతే సంతోషమే, కానీ అవుతుంది.

డ్రైవింగ్ గురించి మీరు భయపడనక్కర్లేదు. మన ఊళ్లలో పాత లారీలు నడిపినవాళ్లకు డబుల్ క్లచ్ ఊపిరి పీల్చినంత సహజం. మీ తాతగారూ అలాగే నడిపి ఉంటారు. ప్లిమత్‌కు రెండు, మూడు గేర్లలో సింక్రో, అంటే గేరు పళ్ల వేగాలను తానే కలిపే ఏర్పాటు, ఉంది కాబట్టి బతిమాలక్కర్లేదు. మొదటి గేరుకు లేదు, బండి పూర్తిగా ఆగాకే వేయాలి. అయినా డబుల్ క్లచ్ నేర్చుకోండి, గేరుబాక్సు ఆయుష్షు పెరుగుతుంది. మూడు నుంచి రెండుకు దిగాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెండి. క్లచ్ వదలండి. యాక్సిలరేటర్‌ను కాలి వేళ్లతో ఒక్కసారి తట్టండి, ఇంజను గొంతు పైకి లేస్తుంది. అది తగ్గేలోగా మళ్లీ క్లచ్ తొక్కి రెండులోకి నెట్టండి. కాలం కుదిరితే లివరు చప్పుడు లేకుండా జారిపోతుంది. కుదరకపోతే కరకరమంటుంది. అప్పుడు బలం పెట్టకుండా మళ్లీ మొదటి నుంచి చేయండి.

రోడ్డు మీదికి వెళ్లాక ముందు బండికి, మీకు మధ్య అయిదు సెకన్ల దూరం ఉంచండి. ఆ ఖాళీలోకి ఎవరో ఒకరు దూరుతూనే ఉంటారు. కోపగించుకోకుండా మళ్లీ వెనక్కి తగ్గండి. దిగుడులో బ్రేకు మీద కాలు వేసి కూర్చోకుండా ముందే రెండో గేరులోకి దిగండి. పాతరకం టైర్లు రోడ్డు మీది గాడుల వెంట పోతాయి, స్టీరింగును గట్టిగా బిగించి పట్టకండి, వదులుగా పట్టుకుని దిద్దుతూ ఉండండి. ఈ కార్లకు ఇండికేటర్లు లేవు. ఇప్పటి డ్రైవర్లలో చాలామందికి చేతి సైగలు తెలియవు కాబట్టి వెనక, ముందు చిన్న ఎల్ఈడీ ఇండికేటర్లు పెట్టించండి. అసలు రూపం చెడుతుందని ఎవరైనా అంటే వినకండి. కరెంటు 6 వోల్టులది, పైగా బ్యాటరీ పాజిటివ్ తీగ బాడీకి కలిసి ఉంటుంది. బ్యాటరీ దిగిపోయిందని మీ కొత్త కారు నుంచి తీగలు కలిపారో, రెండింటికీ చేటు. జులై ఎండలో సిగ్నల్ దగ్గర ఆగి బయలుదేరబోతే ఇంజను ఆగిపోవచ్చు. ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలు, ఇంజనుకు అది అందించే పంపు దగ్గరే ఆవిరవుతుంది. పక్కకు నెట్టి, బానెట్ ఎత్తి, ఆ పంపు మీద తడి గుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే సరి. ఒక సీసా నీళ్లు, ఒక గుడ్డ ఎప్పుడూ కారులో ఉంచండి.

సీటు బెల్టులు పెట్టించండి, కానీ వాటిని ఉక్కు ఛాసిస్‌కు కలిసేలా పలక వేసి బిగించిన తర్వాతే నమ్మండి. చిన్న పిల్లలను ఈ కారులో ఊరి వీధులు దాటించవద్దు. ఇన్సూరెన్సు ముందుగా ఒప్పుకున్న విలువకు ఇచ్చే పాలసీ తీసుకోండి, మామూలు పాలసీలో 1937 కారుకు చిల్లర కూడా రాదు. అలాంటి పాలసీలు చాలావరకు చిన్న వయసు డ్రైవర్లను ఒప్పుకోవు. అబ్బాయి చేత స్టీరింగు పట్టించే ముందు ఆ కాగితం చదవండి. పురాతన వాహనాల నంబరు ప్లేటు చవకే గాని, దానితో ప్రదర్శనలకు, ఊరేగింపులకు, క్లబ్బుల కార్యక్రమాలకే తప్ప ప్రతి ఆదివారం గుడికి వెళ్లడం కుదరదు. మామూలు ప్లేటే తీసుకోండి.

మీ ఆవిడ మాటను తోసేయకండి. దీన్ని పెట్టుబడి అని ఆమెకు చెప్పకండి, అది నిజం కాదు. ఇంత డబ్బు పోతుంది, ఇన్ని ఆదివారాలు వస్తాయి అని ఉన్నదున్నట్టు చెప్పండి. ప్లిమత్ చూడటానికి రెండోసారి వెళ్లేటప్పుడు ఆమెను కూడా తీసుకెళ్లి వెనక సీట్లో కూర్చోబెట్టండి. ఆ సీటు సోఫాలా ఉంటుంది, తల మీద జానెడు ఖాళీ ఉంటుంది. చీర కట్టుకుని హాయిగా ఎక్కి దిగగలిగే కారు అది. ఇప్పటి కార్ల గురించి నేను ఆ మాట అనలేను.

కొనే ముందు ఇంకొక పని. మిషిగన్‌లో హికరీ కార్నర్స్ దగ్గర గిల్మోర్ కార్ మ్యూజియం ఉంది, మీకు నాలుగైదు గంటల ప్రయాణం. అక్కడ 1908 నుంచి 1927 దాకా వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ నడపడం నేర్పుతారు. దాని ఎడమ పెడల్ గేరు, మధ్య పెడల్ రివర్సు, కుడి పెడల్ బ్రేకు. మీ కాళ్లకు అలవాటైనదంతా ఒక పూట మరిచిపోవాలి. తండ్రీకొడుకులిద్దరూ కలిసి వెళ్లండి. ఇద్దరూ ఒకే రోజు కొత్తగా నేర్చుకునే అవకాశం మళ్లీ మళ్లీ రాదు.

ప్లిమత్ ఇంటికి వచ్చిన మొదటి శనివారం దాన్ని ఎక్కడికీ తీసుకెళ్లకండి. ఇంటి ముందు సమతలం మీద నిలిపి, ఒక్కొక్క చక్రం మీ అబ్బాయి చేత విప్పించి బిగింపించండి. క్రిస్లర్ వాళ్ల కార్లకు ఎడమ వైపు చక్రాల బోల్టుల మర ఎదురు దిశలో ఉంటుంది, విప్పాలంటే మామూలుగా బిగించే వైపు తిప్పాలి. అది తెలియక చీకట్లో, రోడ్డు పక్కన, స్పానర్ మీదికెక్కి తొక్కి బోల్టు విరగ్గొట్టినవాళ్లు ఎందరో ఉన్నారు. బోల్టు తల మీద ‘ఎల్’ అనే అక్షరం ఉంటుందేమో తుడిచి చూడమనండి. ఆ తర్వాత ఎడమ వైపు రెండు చక్రాల దగ్గరా పెయింటుతో చిన్న బాణం గుర్తు వేయించండి.